పిల్లల కౌన్సిలింగ్ సెంటర్, హన్మకొండ: మా వోడు మళ్ల బడికి పోతుండు, అయినా ఒక స్టార్ కోసిన

ముందుగల్ల ఒక మాట, సెంటర్ పేరు, మేడం పేరు రాస్తలేను. మా వోడు ఇంకో రెండేండ్లయితే వాడే ఫోన్ పట్టుకొని అన్ని చదువుతడు, వాని దోస్తులు సుత చదువుతరు, పేరు చూసిండ్రంటె ఇది ఎవల ముచ్చటో ఇట్టే పడతరు. హన్మకొండల ఒక మెడికల్ షాపు మీద రెండో అంతస్తు, గంతే అనుకోండ్రి. పిల్లలు భయంతోని బడికి పోనంటె ఇసొంటి సెంటర్‌కు పోవాల్నా వద్దా, పోతే ఏం జేస్తరు, పైసలు దండగైతయా అని ఆలోచన చేస్తున్నోళ్ల కోసం రాస్తున్న. నేను సుత అట్లనే రెండు నెలలు ఆలోచన చేసుకుంట కూసున్న, గదే నా తప్పు.

మాది పరకాల దిక్కు ఊరు. నిరుడు ఎండకాలం సెలవులల్ల హన్మకొండకు మారినం, నాకు ఇక్కడ చిన్న జిరాక్స్ షాపున్నది. మా వోడు మూడో తరగతి దాక ఊర్లెనే చదివిండు, ఇంటికాడికెంచి నడుచుకుంట పోయి నడుచుకుంట వచ్చేది. ఇక్కడ నాలుగుల వేసినం. జూన్ 12న బడి తెరిచిండ్రు, కొత్త బ్యాగు, కొత్త బూట్లు, వ్యాన్ మాట్లాడినం, పది పదిహేను రోజులు మంచిగనే పోయిండు. ఇంటికొచ్చి ముచ్చట్లు సుత చెప్పేది. జులైల మొదలైంది.

పొద్దుగాల లేపంగనే కడుపుల నొస్తుంది అంటడు. ఇడ్లీ పెడితే ముట్టడు. యూనిఫాం ఏసేటాళ్లకు చేతులు సల్లగైతయి, మూడు నాలుగు సార్లు బాత్రూంకు ఉరుకుతడు, వ్యాన్ హారన్ ఇనబడిందంటె చాలు ఇగ మంచం కిందికి దూరుడే. వ్యాన్ పోయినంక అర్ధగంట ఆగి మెల్లగ లేచి అటుకులు తింటడు, పదకొండు గొట్టెటాళ్లకు బాల్ పట్టుకొని గోడకు కొట్టుకుంట ఆడుతడు. ఆదివారం నొప్పి రాదు. రెండో శనివారం నొప్పి రాదు. సోమవారం మాత్రం పక్కా. ఇగ ఇది చూసినోళ్లు ఎవలైనా ఏమనుకుంటరు, దొంగేషాలు అనే కదా, నేను గదే అనుకున్న.

పిల్లల డాక్టర్ కాడికి పోయినం, బ్లడ్ టెస్టు, యూరిన్ టెస్టు, స్కానింగ్. స్కానింగ్‌ల కడుపుల చిన్న చిన్న గ్రంథులు కనిపిస్తున్నయని రాసిండ్రు, మా ఆవిడ ఆ రిపోర్టు చదివి రాత్రంత ఏడ్సింది, తెల్లారి డాక్టర్ సార్ చూసి ఇవి పిల్లలల్ల మామూలే, ఏం గాదు అన్నడు. నులిపురుగుల గోలి వేసినం. మా అవ్వ అయితే ఊకోలే, పోరడు ఏడనో దడుసుకున్నడని పట్టు పట్టింది, దిష్టి తీసింది, అంత్రం కట్టిపిచ్చింది, నమాజు అయ్యే యాళ్లకు మసీదు కాడికి తీస్కపోయి ఊదిపిచ్చుకొచ్చింది. నేను వీటిని ఎక్కిరిస్తలేను, మా చిన్నప్పుడు మాకు సుత చేసిండ్రు, ఆమె కండ్లకు అది దడుపే, ఆలోచిస్తే ఇంట్ల అందరికంటె ముందుగాల భయం అని పేరు పెట్టింది ఆమెనే. మిగిలినోళ్లం కడుపు పట్టుకొని తిరిగినం.

నేను చేసింది ఏంటిదంటె, చెప్పాలంటె సిగ్గైతుంది గని చెప్తా, రెండు మూడు సార్లు కొట్టిన. ఒకరోజు అయితే రెక్క పట్టి గుంజుకపోయి వ్యాన్ల పడేసిన. ఆ వ్యాన్ డ్రైవర్ అన్న దిగొచ్చి, "వద్దన్నా, జర సూడు, పోరడు గజగజ వణుకుతుండు, నాతోని కాదు" అని వాణ్ని ఎత్తుకొని మళ్ల నా చేతిల పెట్టిండు. బజారంత చూస్తుండ్రు. ఆనాడు షాపు తెర్వలే.

అప్పుడు ఆ పిల్లల డాక్టర్ సారే చెప్పిండు సైకాలజిస్ట్ కాడికి పొమ్మని. మావోళ్లల్ల ఆ మాట అంటేనే పిచ్చి డాక్టర్ అనుకుంటరు, మా బామ్మర్ది అయితే "బావా, పోరనికి రేపు పేరు పడతది" అన్నడు. ఒక విషయం తెలుసుకోండ్రి, ఇవి వేరే వేరే. సైకియాట్రిస్ట్ అంటె ఎంబీబీఎస్ అయినంక దానిమీద చదివిన డాక్టర్, మందులు రాస్తడు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతోని, పద్ధతులతోని చేస్తరు, వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాల రిజిస్ట్రేషన్ ఉండాలె. మీరు ఏ సెంటర్‌కు పోయినా ఆ నంబర్ అడుగుండ్రి, సిగ్గుపడకుండ్రి. ఏదో మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినోళ్లు సుత ఉంటరు. ఇక్కడ మేడంది గోడకు ఫ్రేము కట్టి పెట్టిండ్రు, అడిగే పని పడలే.

ఫీజు మొదటిసారి 800, తర్వాత సారి సారికి 600, ముప్పావు గంట. మేము మొత్తం తొమ్మిది సార్లు పోయినం, ఆ మీద ఫాలో అప్‌లు. లెక్క మీరే వేసుకోండ్రి. నా షాపుల ఎన్ని జిరాక్సులు తియ్యాలె ఆ పైసలకు అని మొదట్ల నాకు మస్తు కుతకుత అయింది.

మొదటిసారి నేను అనుకున్నదేమంటె మేడం వాణ్ని ఎదురుంగ కూసోబెట్టి బడికి పోవాలె బేటా, మంచిగ సదువుకోవాలె అని చెప్తదేమో అని. అసొంటిదేం లేదు. మొదలు మమ్ములనే అరగంట అడిగింది, పొద్దున లేచినకాడికెంచి ఏం జరుగుతదో నిమిషం నిమిషం చెప్పించింది. వాడు ఇంట్ల ఉన్న రోజు పది గంటలకు ఏం జేస్తడు, పన్నెండు గంటలకు ఏం జేస్తడు, ఎవలుంటరు, ఏం తింటడు. నాకు తెల్వదు, నేను షాపుల ఉంటా. మా ఆవిడ చెప్పింది, టీవీ చూస్తడు మేడం, అత్తమ్మ పకోడీలు చేసి పెడతది, పాపం పొద్దుగాల ఏం తినలేదని. మేడం నవ్విండ్రు, రాసుకున్నరు.

ఇంకో మాట చెప్పిండ్రు, అది నా మెదడుల ఉండిపోయింది. నొప్పి అబద్ధం కాదట. భయమైనప్పుడు ఒంట్ల గుండె దడదడ కొట్టుకున్నట్టే కడుపుల పేగులు సుత గడబిడ అయితయి, నెత్తురు ఎక్కువగ కాళ్లు చేతుల దిక్కు పోతది ఉరకడానికి తయారుగ, అరుగుదల నెమ్మదైతది, అందుకే వికారం, కడుపునొప్పి, బాత్రూం. పరీక్ష రోజు మీకు కాలేదా సర్ అని అడిగిండ్రు. నాకు పదో తరగతి లెక్కల పరీక్ష గుర్తొచ్చింది, సెంటర్ కాడ చెట్టుకింద రెండుసార్లు కక్కుకున్న. గది యాదికొచ్చేసరికి నోరు మూతపడ్డది. వ్యాన్ పోయినంక నొప్పి తగ్గుడు సుత గందుకే, భయం పోయింది కాబట్టి తగ్గింది, యాక్టింగ్ అయిపోయిందని కాదు. ఇంకోటి, బడి ఎగ్గొట్టే పోరగాండ్లు వేరే, వాళ్లు ఇంట్ల చెప్పకుంట బయట తిరుగుతరు, వాళ్లకు ఈ ఏడుపు ఉండది. వీడు ఇంట్లనే, మన కండ్ల ముంగటనే ఉంటడు, హోంవర్క్ ఇస్తే చేస్తడు. ఈ తేడా ఎవరు చెప్పలేదు మాకు.

రెండోసారి వాణ్ని ఒక్కన్నే లోపలికి పిలిచిండ్రు. ఒక పెద్ద చార్టు ఇచ్చి ఇంటికాడికెంచి బడి దాక బొమ్మ గియ్యమన్నరట. ఇల్లు, సందు, వ్యాన్, గేటు, ప్రేయర్ గ్రౌండ్, క్లాసు, బాత్రూం, మళ్ల వ్యాన్. ఏడ భయమైతదో ఆడ ఎర్ర రంగు, ఏడ కాదో ఆడ పచ్చ రంగు. నేను క్లాస్‌రూం ఎర్రగ ఉంటదని పందెం కాసేవాణ్ని, ఎందుకంటె ఇంగ్లీషు టీచర్ గట్టిగ ఉంటదని విన్న. తీరా చూస్తే క్లాస్‌రూం పచ్చగున్నది. ఇంగ్లీషు టీచర్ బొమ్మ పక్కన పువ్వు సుత గీసిండు. ఎర్రగ ఉన్నది వ్యాన్, ప్రేయర్ లైను. అంతే, ఆ రెండే.

ఏమైందంటె జులై మొదట్ల ఒకరోజు వ్యాన్ల వాంతి చేసుకున్నడట. ఊర్లె వాడు ఎప్పుడు వ్యాన్ ఎక్కిండు? పన్నెండు మంది పిల్లలు ఇరుకిరుకు కూసొని ఉక్కపోతల, పక్కపోరని బ్యాగు మీద పడ్డది. ఆ రోజుకెంచి వ్యాన్ల పోరగాండ్లు వానికి ఒక పేరు పెట్టిండ్రు, ఆ పేరు ఇక్కడ రాయను. ప్రేయర్‌ల ఎండకు నిలబడితే మళ్ల కక్కుకుంటనేమో, అందరు చూస్తరేమో అని. పొద్దుగాల తినకపోవుడు సుత గందుకే, కడుపుల ఏం లేకుంటె ఏం రాదని వాని లెక్క. మేము రెండు నెలలు గ్యాస్ ట్రబులు, దడుపు, ఏషాలు అని తిరిగినం, మాకు ఒక్కనికి సుత చెప్పలే. ఎందుకు చెప్పలే అని అడిగితే, "చెప్తే నువ్వు వ్యాన్ వాళ్లతోని లొల్లి పెడతవ్ డాడీ" అన్నడు. పెడుదునేమో.

ఇగ అసలు పని ఆడికెంచి మొదలైంది. ఇంట్ల ఉన్న కొద్ది భయం తగ్గుతదనుకుంటం గని పెరుగుతదట. ఒక్కరోజు ఆగితే ఆ రోజుకు పానం హాయిగుంటది, ఆ హాయి మరిగి తెల్లారి ఇంకింత భయం. నాకు ఊర్లె గిరిగిరి పైసలు గుర్తొచ్చినయి, ఆ పూటకు గండం గడుస్తది, తెల్లారి మిత్తితోని వచ్చి గుమ్మంల కూసుంటది. అట్లని ఒకేసారి గుంజుకపోయి పడేస్తే సుత కాదు, అది నేను చేసి చూసిన కదా.

మెట్లు గీసిండ్రు కాయితం మీద. కింది మెట్టు సున్నాకు దగ్గర, పై మెట్టు పది. ఏ మెట్టుకు ఎన్ని మార్కుల భయమో వాడే వేసిండు, మేము కాదు. మొదటి మెట్టు ఏంటిదో తెలుసా, ఆదివారం నాడు యూనిఫాం లేకుంట నాతోని స్కూటీ మీద బడి గేటు దాక పోయి వాచ్‌మన్ తాతతోని రెండు ముచ్చట్లు పెట్టి వచ్చుడు. నాకు నవ్వొచ్చింది, దీనికి ఆరొందలా అని. గని వాడు ఆ గేటు కాడ దిగడానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత మెట్టు, పని రోజున ప్రేయర్ అయిపోయినంక నేను దించితే రెండు పీరియడ్లు ఉండి వచ్చుడు. తర్వాత మధ్యాహ్నం దాక. తర్వాత పూర్తి రోజు. తర్వాత ప్రేయర్‌ల లైను చివర్ల, నీడకు. వ్యాన్ పని వేరేగ, ఆగి ఉన్న వ్యాన్ల ఖాళీగ కూసునుడు, ఆ డ్రైవర్ అన్న పుణ్యాత్ముడు సాయంత్రం మా సందుల ఆపి పది నిమిషాలు ఇచ్చేది, వానికి కిటికీ సీటు ఇచ్చిండు. తర్వాత ఒక్క స్టాపు పోవుడు, నేను ఎనకంగ స్కూటీ మీద. ఒక్కో మెట్టు మీద భయం మార్కు సగానికి పడేదాక అక్కడనే ఉండాలె, పైకి ఎక్కుడు వద్దు.

ఒకసారి లోపల గదిలకెంచి ఒకటే నవ్వు. ఏందా అని చూస్తే, వాంతి అంటె వానికున్న భయం పోవాలని మేడం నానబెట్టిన అటుకులల్ల పెరుగు, పసుపు కలిపి ఒక కవర్‌ల పోసిండ్రు, వాడు వాంతి చేసుకున్నట్టు ఉత్తగ చప్పుడు చేసుకుంట ఆ కవర్‌ల కక్కినట్టు చెయ్యాలె. మేడం సుత చేసిండ్రు. తర్వాత నన్ను పిలిచి నాతోని సుత చేపిచ్చిండ్రు. నాకు 38 ఏండ్లు. వాడు కింద పడి దొర్లి నవ్విండు, రెండు నెలల తర్వాత వాడు అట్ల నవ్వుడు నేను అప్పుడే చూసిన.

మాకు సుత హోంవర్క్ ఇచ్చిండ్రు. వాడు రోజు ఇరవైసార్లు అడిగేది, "డాడీ, ఇయ్యాల వాంతి రాదు కదా" అని, మేము రాదు నానా రాదు అని ఇరవైసార్లు చెప్పేది. అట్ల చెప్పుడు బంద్ చెయ్యమన్నరు, ఎందుకంటె ఆ మాట రెండు నిమిషాలు పనిచేస్తది, మళ్ల అడుగుతడు. దానికి బదులు "వస్తే ఏం జేస్తవ్?" అని తిరిగి అడగాలె. వస్తే కవర్ ఉన్నది, నీళ్ల సీసా ఉన్నది, టీచర్‌కు చెప్తా, కడుక్కుంటా. అంతే, వస్తే వచ్చింది. ఇది చెప్పుడు అల్కగ ఉంటది గని చేసుడు మస్తు కష్టం, నోట్లెకెంచి "రాదు" అనే మాటనే ముందుగాల వస్తది.

ఇంట్ల ఉండాల్సి వస్తే బడి టైంల టీవీ బంద్, ఫోన్ బంద్, పుస్తకాలు ముంగట పెట్టుకొని కూసునుడు. శిక్ష లెక్క కాదు, తిట్టుడు లేదు, ఊకె సప్పగుండాలె అంతే. మా అవ్వకు ఇది అస్సలు నచ్చలే. పోరని కడుపు మాడ్సమన్నదా ఆ డాక్టరమ్మ అని రెండు రోజులు నాతోని మాట్లాడలే. చివరికి ఒప్పందం ఏంటిదంటె పకోడీలు సాయంత్రం బడికెంచి వచ్చినంక. ఆ ఒప్పందం ఇప్పటికి నడుస్తుంది, మా ఇంట్ల నూనె ఖర్చు పెరిగింది.

బడి సంగతి. మేడం ఒక లెటర్ రాసిచ్చిండ్రు, అది పట్టుకొని పోయినం. క్లాస్ టీచర్ మంచిది, ఆమె చదివి వెంటనే, లైను చివర్ల నిలబడతడు, వికారమైతే అడగకుంట బయటికి పోవచ్చు, ఎర్ర కార్డు ఒకటి బెంచీ మీద పెడితే చాలు అన్నది. ఆ కార్డు వాడు నెలల రెండుసార్లు వాడిండు, అంతకంటె ఎక్కువ లేదు, జేబుల ఉన్నదన్న ధీమానే సగం పని. పేరు పెట్టి ఎక్కిరిచ్చే ముచ్చట సుత ఆమెనే పిల్లలతోని మాట్లాడింది, వీని పేరు తియ్యకుంట. ఆఫీసుల ఒకాయన మాత్రం రెండు తగిలిస్తే సెట్ అయితడు సార్ అన్నడు. విద్యా హక్కు చట్టం 2009లనే ఉన్నది, 17వ సెక్షన్, పిల్లలను కొట్టుడు, మానసికంగ వేధించుడు రెండు నిషేధం. నేను ఆ మాట అనలే, ఎందుకంటె నేనే కొట్టినోణ్ని కదా, ఏ మొఖం పెట్టుకొని అంట.

సెప్టెంబర్ ఆఖరి వరకు పూర్తి రోజు ఉంటుండు, వ్యాన్ల సగం దూరం పోతుండు. ఇగ అయిపోయింది అనుకున్నం. బతుకమ్మ, దసరా సెలవులొచ్చినయి, ఊరికి పోయినం, ఇద్దరు మేనత్తలు, జమ్మి, పాలపిట్ట, అంత మంచిగ. సెలవులు అయిపోయే ముంగటి రాత్రి మళ్ల కడుపునొప్పి, మళ్ల ఏడుపు, పదకొండు గొట్టింది. మేడం అప్పటికే చెప్పిండ్రు, సెలవుల తర్వాత మళ్ల వస్తది, వస్తే గాబరా పడకుండ్రి, రెండు మెట్లు కిందికి దిగి మళ్ల ఎక్కుండ్రి అని. గని ఆ రాత్రి మేడంకు ఫోన్ కలవలే. టెలీ మానస్ అని మనసు బాధలకు గవర్నమెంటు హెల్ప్‌లైన్ ఉన్నది, నంబర్ 14416, 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిండ్రు, ఫ్రీ, రాత్రి పగలు ఉంటది, తెలుగుల మాట్లాడతరు. దానికి చేసినం. ఎత్తినామె నిమ్మళంగ ఇన్నది, పది నిమిషాలు నా ముచ్చటనే ఇన్నది, ఆమె సుత రేపు బంద్ పెట్టకుండ్రి, తక్కువసేపైనా పంపుండ్రి అన్నది. తెల్లారి రెండు పీరియడ్లకు తీస్కపోయిన. వారంల మళ్ల గాడిల పడ్డడు.

ఇప్పుడు ఒక స్టార్ ఎందుకు కోసిననో చెప్తా. బడికి పోని పిల్లలకు వైద్యం చేసే సెంటర్ల అపాయింట్‌మెంట్ ఎప్పుడిస్తరు అంటె పొద్దుగాల పదకొండు గంటలకు! బుధవారం! సాయంత్రం స్లాట్లు నిండినయట. పైనుంచి వెయిటింగ్ హాల్ల పెద్ద టీవీ, కార్టూన్లు, ప్లాస్టిక్ జారుడుబండ. మా వోడు మూడోసారికి బుధవారం కోసం ఎదురుచూసుడు పెట్టిండు, బడి బంద్, కార్టూన్, వచ్చేటప్పుడు చౌరస్తా కాడ చెరుకు రసం. నేను మేడంకు నేరుగా చెప్పిన, మీరే ఇంట్ల టీవీ బంద్ చెయ్యమంటరు, మీరే ఇక్కడ పెడతరు అని. ఆమె తప్పు ఒప్పుకున్నది, శనివారం సాయంత్రం ఆరింటికి మార్చిండ్రు. టీవీ మాత్రం అట్లనే ఉన్నది.

రిసెప్షన్ల పది సెషన్ల ప్యాకేజీ ముందే కట్టుండ్రి, తగ్గిస్తం అంటరు. కట్టకుండ్రి. ఎన్నిసార్లు పడతదో మొదట్ల ఎవ్వలికి తెల్వది, మేడం సుత లోపల ఆ మాటనే అన్నది, బయట పోరి మాత్రం వదలది. గదుల నడుమ ఉన్నది ప్లైవుడ్ పార్టిషన్, పక్క గదిల మాటలు ఇనబడతయి, ఇసొంటి జాగల అది పెద్ద లోటు. లిఫ్ట్ లేదు. టైం ఇచ్చినంక సుత అరగంట, నలబై నిమిషాలు కూసోవాలె.

మందులు మాకు అవసరం పడలే. అవసరమైతే సైకియాట్రిస్ట్ కాడికి పంపుతమని మొదట్లనే చెప్పిండ్రు, ఊకె పట్టుకొని కూసునే రకం కాదు. పోరడు ఏదానిమీద ఇష్టం లేకుంట ఒక మూలకు కూసున్నా, నిద్రపోకపోయినా, సచ్చిపోత అనే మాట నోట్ల వచ్చినా అప్పుడు ఈ మెట్లు గిట్ల అని ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కు చూపియ్యాలె. పైసల ఇబ్బంది ఉన్నోళ్లకు వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల సైకియాట్రీ ఓపీ ఉన్నది. అట్లనే చదువుడు రాయుడుల అక్షరాలు తారుమారు అయ్యే పిల్లలు, క్లాస్‌ల ఎవలన్న కొట్టే పిల్లలు, వాళ్ల భయం వేరే, వాళ్లకు ముందు ఆ కారణం తియ్యాలె, ఊకె మెట్లు ఎక్కియ్యొద్దు. గందుకే ఆ రంగుల బొమ్మ గీపిచ్చుడుకే నేను రెండు స్టార్లు ఇస్తా.

ఇప్పుడు ఫిబ్రవరి. వ్యాన్ల పోతుండు, కిటికీ సీటు ఇంకో చిన్న పోరికి ఇచ్చిండట, ఆమెకు సుత వికారమైతదని. కవర్ మాత్రం బ్యాగుల ఉన్నది, తీసేస్తనంటె వద్దన్నడు, ఉండనీ. నెలకోసారి ఫాలో అప్, వచ్చేది శనివారం ఆరింటికి. మొన్న పోయినప్పుడు వెయిటింగ్ హాల్ల నీళ్ల క్యాన్ మళ్ల ఖాళీగనే ఉన్నది, పోయేటోళ్లు సీసా పట్టుకపోండ్రి.